పిల్లల పొద్దుటి పది నిమిషాలు

సంపాదకులు గారికి, నమస్కారములు.

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరకు ఉదయం 6.40కే బడి బస్సు వస్తుంది. ఆ మధ్య ఒకరోజు మా మనవడు ఇడ్లీ తింటూనే "అమ్మమ్మా, బాత్రూంకి వెళ్లాలి" అన్నవాడు, హారన్ వినగానే బిగబట్టుకుని పరుగెత్తాడు. మొదటి పీరియడ్‌లో బయటికి పంపరట. ఇలా రోజూ జరిగి, మలబద్ధకంతో పిల్లల డాక్టరు దాకా వెళ్లవలసి వచ్చింది. జీవశాస్త్రం బోధించి రిటైరైన దానిని కనుక ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మింగిన ముద్ద బరువుకు కిందికి జారిపోదు. ఆహారవాహిక కండరాలు ముద్దకు వెనక బిగుసుకుంటూ, ముందు వదులవుతూ, సుమారు 25 సెంటీమీటర్ల దారిని 10 సెకన్లలోపే దాటిస్తాయి. తలకిందులుగా ఉండి మింగినా అది కడుపులోకే చేరుతుంది. ఆపైన జీర్ణాశయం నిమిషానికి మూడుసార్లు చొప్పున ముడుచుకుంటూ ఆహారాన్ని చిలుకుతుంది, చిన్నపేగు దానిని కలుపుతూ ముందుకు జరుపుతుంది. బయటి నుంచి వచ్చే నరాలను తెంచినా పేగు ఇలా వెనక బిగుసుకుంటూ, ముందు వదులవుతూ సాగే ఈ పెరిస్టాల్టిక్ చలనాన్ని మానదని 1899లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు బేలిస్, స్టార్లింగ్ నిరూపించారు.

పెద్దపేగు తీరు వేరు. అది చాలాసేపు మందకొడిగా ఉండి, రోజుకు ఏ ఒకటి రెండుసార్లో, మూడుసార్లో మాత్రమే బలమైన అలతో మలాన్ని పురీషనాళంలోకి, అంటే మలద్వారానికి ముందున్న పేగు చివరి భాగంలోకి, నెడుతుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపులో ఫలహారం పడి జీర్ణాశయం సాగినప్పుడు ఆ కదలిక తరచుగా మొదలవుతుంది. అంతవరకు మన ప్రమేయం లేకుండానే నడిచిన పని, చివరి గుమ్మం దగ్గర మాత్రం మన ఇష్టానికి లోబడుతుంది. అక్కడ బిడ్డ బిగబట్టుకుంటే కాసేపటికి ఆ ప్రేరణ అణగిపోతుంది. లోపల నిలిచిన మలంలోని నీటిని పేగు పీల్చుకుంటూనే ఉంటుంది కనుక అది గట్టిపడుతుంది. మరునాడు నొప్పికి భయపడి బిడ్డ ఇంకా బిగబడతాడు. ఇది కొన్నాళ్లు సాగితే పురీషనాళం సాగిపోయి, వెళ్లాలన్న స్పృహే మందగిస్తుంది. దీనిని పిల్లల బద్ధకమని తిట్టడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆరింటికే ఫలహారం పెట్టి, ఆ తరువాత 10 నిమిషాలు వాడిని కమోడ్ మీద, కాళ్లు వేలాడకుండా కింద పీట వేసి, కూర్చోబెడుతున్నాము. అయినా కొన్నిసార్లు ఆ ప్రేరణ బస్సులోనో తరగతిలోనో వస్తుంది. అడిగిన బిడ్డను మొదటి పీరియడ్‌లోనైనా సరే, కారణం అడగకుండా పంపాలని, అందుకు శుభ్రమైన మరుగుదొడ్లు, గడియ ఉన్న తలుపులు ఉండేలా చూడాలని నగరంలోని పాఠశాలల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మారతహళ్లి, బెంగళూరు.