వేట నిషేధంలో ప్రీమియం లేటైందని నాలుగేళ్ళ మెంబర్షిప్ కొట్టేస్తారా?

హెల్త్ ప్లాన్ మేనేజర్ గారికి,
పెదజాలరిపేట, విశాఖపట్నం నుంచి

నమస్కారమండి. మా అమ్మ శుక్లాల ఆపరేషన్ క్లెయిమ్ మీరు రిజెక్ట్ చేశారు, దాని గురించే ఈ లెటర్. మీ ఆఫీసుకొస్తే అది ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళే చెప్పాలంటారు, కంపెనీకి ఫోన్ చేస్తే గ్రూప్ పాలసీ ఈ ప్లాన్ నడిపే మీ ట్రస్టు పేరు మీదుంది వాళ్ళనే అడగండంటారు, ఇద్దరి మధ్య తిరిగే ఓపిక లేక రాసి పెడుతున్నా, కంపెనీకీ ఒక కాపీ పంపుతున్నా.

2021 నుంచి మేం నలుగురం మీ ప్లాన్లో ఉన్నాం. అప్పట్లో నాన్న వద్దన్నారు, తెల్లకార్డుంది, ఆరోగ్యశ్రీ ఉంది, మళ్ళీ ఇదేటి అని. మీ ఫీల్డ్ వర్కర్ అక్క డ్వాక్రా సంఘం మీటింగ్‌కొచ్చి అందులో రానివి కూడా ఇందులో వస్తాయి, పైగా మాది లాభం కోసం పెట్టింది కాదు అని చెప్తే అమ్మ సంఘం లోన్లోంచి తీసి కట్టింది. 2023లో తమ్ముడి అపెండిక్స్ ఆపరేషన్‌కి పేచీ లేకుండా డబ్బులిచ్చారు కూడా, ఉన్నమాట చెప్పాలి కదా.

అసలు గొడవంతా రెన్యువల్ డేట్‌తోనే. మే 20. ఈ డేట్ ఎవరు పెట్టారో గానీ వాళ్ళు మే నెలలో ఒక్కసారి కూడా ఫిషింగ్ హార్బర్ వైపు వచ్చుండరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, చేప గుడ్లు పెట్టే టైమని మన తూర్పు తీరం అంతా ఆపేస్తారు, బోట్లన్నీ ఒడ్డున కట్టేసుంటాయి. నాన్న బోటు మీద కలాసీ, బోటు కదిలితేనే వాటా, లేకపోతే సున్నా. గవర్నమెంటు ఇచ్చే నిషేధం డబ్బులు 20 వేలు పాత అప్పులకీ బియ్యానికీ చాలవు. అమ్మ గంపలోకి చేప లేదు, ఎండు చేపలమ్మి ఎంతొస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు ఏడాది ప్రీమియం మొత్తం ఒకేసారి అడుగుతారు.

ఈ ఏడు, అంటే 2025లో, మేం కట్టింది జూన్ 17న. నిషేధం అయిపోయి బోటు బయల్దేరే ముందు ఓనరు అడ్వాన్సు ఇస్తారు, అందులోంచి కట్టాం. నెలలోపు కట్టొచ్చమ్మా పర్లేదు అని మీ ఫీల్డ్ వర్కర్ అక్కే అంది, ఊరికే అన్న మాట కూడా కాదది, ఏడాది ప్రీమియానికి 30 రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది, ఆ లోపు కడితే అప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్, అంటే కొన్ని జబ్బులకి క్లెయిమ్ రావాలంటే ఆగాల్సిన కాలం, పోదు, ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ రూలే అది. మే 20 నుంచి లెక్కేసుకోండి, జూన్ 19 దాకా టైముంది. మీరిచ్చిన రసీదు మీద "రెన్యువల్" అనే ఉంది, మెంబర్ నంబర్ కూడా 2021లో ఇచ్చిందే.

అక్టోబర్లో అమ్మ కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. అప్పటికే నోట్లు తడిమి చూసి లెక్కపెట్టుకునేది, చేప కోస్తుంటే వేలు తెగేది. వాల్తేరు గవర్నమెంటు కంటాసుపత్రికే తీసుకెళ్దామన్నాన్నేను, ఇన్సూరెన్స్ ఉంది కదా అని మీ లిస్టులో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. తీరా అక్కడ క్యాష్‌లెస్ ఆపేశారు, 24 వేలు వడ్డీకి తెచ్చి కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టాం. మీ నుంచి వచ్చిన లెటర్ మొత్తం ఇంగ్లీషు, అమ్మకి నేనే చదివి చెప్పాల్సొచ్చింది, మెంబర్‌గా చేరి మొదటి ఏడాదే కాబట్టి, శుక్లాలకి 24 నెలలు ఆగాలి కాబట్టి ఇవ్వం అని.

మొదటి ఏడాది ఎలా అవుతుందండీ? మొదటి ఏడాదే అయితే 2023లో తమ్ముడికి ఇచ్చిన డబ్బులు ఎవరికిచ్చినట్టు? ప్రీమియం తీసుకునేటప్పుడు పాత మెంబర్లం, క్లెయిమ్ ఇచ్చేటప్పుడు కొత్త మెంబర్లమా? మా వీధిలో జూన్లో కట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళందర్నీ కంప్యూటర్లో కొత్తగా ఎక్కించేశారని నా అనుమానం, వాళ్ళకింకా జబ్బు రాలేదు కాబట్టి తెలీదంతే. పెద్ద కంపెనీ అయితే జనం గట్టిగా అడుగుతారు, మీది సేవ అనేసరికి అడగడానికే మొహమాటపడతారు, మా అమ్మే ఇప్పటికీ పోన్లేమ్మా వాళ్ళతో గొడవెందుకు అంటోంది.

క్లెయిమ్ మళ్ళీ చూసి 24 వేలు ఇవ్వండి. ఇవ్వమంటే ఏ రూల్ ప్రకారమో తెలుగులో రాసి సంతకం పెట్టి ఇవ్వండి. జూన్లో కట్టిన అందరి రికార్డులూ సరిచెయ్యండి, మా పేట వరకైనా రెన్యువల్ డేట్ ఆగస్టుకి మార్చండి, మార్చే దాకా కవర్ ఆగకుండా చూడండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెడతాను, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

జూన్ రసీదు, 2021 కార్డు, ఆసుపత్రి బిల్లులు, 2023 క్లెయిమ్ పేపరు జిరాక్సులు పెట్టాను. ఒరిజినల్స్ మాత్రం ఇవ్వను, కావాలంటే ఆఫీసులో చూపిస్తా. ఏదైనా అడగాలంటే నా నంబర్‌కే చెయ్యండి, సాయంత్రం ఆరు తర్వాత, అమ్మకి చేసి సెటిల్ చేసుకుందాం అనొద్దు.

ఇట్లు,
మీ మెంబర్ గారి కూతురు