సూరిగా, కొనేశాన్రా

ఒరేయ్ సూరిగా,

ముందు తిట్టేయ్. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు, రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే గడిచిపోయాయి. తిట్టడం అయిందా? ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మ మోకాలు కొంచెం నయం, చిన్నదానికి పరీక్షలైపోయాయి, నా ఉద్యోగం ఎప్పట్లాగే ఏడుస్తోంది. కబుర్లు ఖతం. అసలు సంగతికొస్తా.

కొనేశాన్రా. ఫెరారీ. 360 మోడెనా, 2001 మోడల్. లాటరీ తగల్లేదు, ఎవర్నీ ముంచలేదు. మీటర్ మీద 1,38,000 కిలోమీటర్లు. అవును, సరిగ్గానే చదివావ్, లక్షా ముప్పై ఎనిమిది వేలు. మీ చెల్లెలైతే ఆ అంకె చూసి "ఇది కారా, కిరాయి ట్యాక్సీనా" అంది. రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ముందు సీట్లో కూర్చుంది, ఆ కథ వేరే.

నిజానికి నేను వెతికింది ఇది కాదు. ముందు ఇంకోటి చూశా, అదే మోడల్, 19,000 కిలోమీటర్లే, అద్దంలా ఉంది. నేను పడిపోయా. టైర్ల మీద కొత్తవాటిలా గాడులు, కానీ పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది చూడు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, అక్కడ 3209 అని ఉంది. అంటే 2009లో 32వ వారంలో తయారైన రబ్బరు! వాల్వుల్ని వేళకి తెరిచి మూసే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారంటే అమ్మేవాడు నవ్వి "నడపనే లేదు కదా సార్, ఎందుకు మారుస్తాం" అన్నాడు. అక్కడే నాకు దిమ్మ తిరిగింది. బెల్టు రబ్బరురా, తిరిగినా తిరక్కపోయినా వయసు వయసే. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు వెళ్ళి పిస్టన్లకి కొట్టుకుంటాయి, మొత్తం 40 వాల్వులు, ఒక్కో సిలిండర్‌కి అయిదు. ఇక లెక్క నువ్వే వేసుకో. దీని ముందు మోడల్ 355కి ఆ బెల్టు మార్చాలంటే ఇంజినే దించాలి, దీనికి సీట్ల వెనక ప్లేటు ఊడదీస్తే చెయ్యి అందుతుంది, తర్వాతొచ్చిన 430కి బెల్టు బదులు చెయిన్ పెట్టారు. అంటే మనది మధ్యలో పుట్టిన పిల్ల. నీలాగా.

పైగా ఊరికే నిలబెట్టిన కారుకి నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి. కింద చూస్తే నూనె చుక్కలు, చుక్క కింద అట్టముక్క పెట్టి దాచారు. అట్టముక్క! మన స్కూటర్ కింద నువ్వు పెట్టిన అట్టముక్క గుర్తొచ్చి నవ్వొచ్చేసింది, అమ్మేవాడికి కోపమొచ్చింది, బయటికొచ్చేశా.

రెండోది పెద్దాయన కారు. రోజూ ఆఫీసుకి దీన్లోనే వెళ్ళేవాడట. ఫోన్‌లో ఒకటే అడిగా, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశా, చల్లగానే ఉంది, నిజాయితీపరుడే. తాళం తిప్పితే... ఎలా చెప్పాలి నీకు. ముందు ఒక దగ్గు, ఆ తర్వాత ఊళ్ళో కుక్కలన్నీ ఒకేసారి మొరిగినట్టు. పొగ లేదు, గడగడ లేదు.

లోపల మాత్రం దరిద్రం. ఆ కాలం ఫెరారీల్లో బటన్ల మీద మెత్తటి పూత ఒకటుండేది, ఏళ్ళు గడిస్తే కరిగి జిగురైపోతుంది, ఏసీ బటన్ నొక్కితే వేలు దానికే అతుక్కుంది. డ్రైవర్ సీటు అంచు తోలు అరిగి తెల్లబడింది, పెడల్ రబ్బర్లు నున్నగా అయ్యాయి. అవి చూసి నాకు సంతోషమేసిందిరా, 1,38,000కి అరగాల్సినంతే అరిగాయి. అరుగుదల ఇంత ఉండి మీటర్ మీద నలభై వేలుంటే అప్పుడు భయపడాలి. బిల్లుల ఫైలు నా అరచేతి మందం. ప్రతి బిల్లు మీదా తేదీ, కిలోమీటర్లు, ఒక్కచోట కూడా అంకె వెనక్కి పోలేదు. బెల్టులు అయితే ఠంచనుగా మార్చాడు.

ఇక గేర్లు. వీటిల్లో ఎక్కువ భాగం స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నవే, ఇది మాత్రం మాన్యువల్, లివర్ కింద మెరిసే లోహపు పలక, గేర్‌కొక గాడి. ఫస్ట్ వేశా, టక్. హీరోలా సెకండ్ లాగితే పోదే! ఇంకాస్త గట్టిగా లాగా, పెద్దాయన నా చేతి మీద చెయ్యి వేసి, "బాబూ, నూనె ఇంకా చల్లగా ఉంది, ఫస్ట్ నుంచి థర్డ్‌కి పో, పదిహేను నిమిషాలాగితే తనే వస్తుంది" అన్నాడు. ఎక్కడో విన్నట్టుంది కదూ? అచ్చం నువ్వు మీ ఆవిడ గురించి చెప్పే మాట! (ఈ ఉత్తరం ఇంట్లో ఎవరికీ చూపించకు.) నిజంగానే పావుగంటకి సెకండ్ వెన్నలా దిగింది.

అసలు నీకు చెప్పాలనుకున్నది ఇంకా రాలేదు. వాళ్ళ ఊరి పక్కనే మనకి తెలిసిన మెకానిక్ షెడ్డు, మన స్కూటర్ బాగుచేసి ఒక బోల్టు మిగిల్చాడే, ఆ బోల్టు గురువు కాదు, ఇంకొకాయన. అక్కడ లీక్ డౌన్ పరీక్ష చేయించా. ప్లగ్గులు తీసి, పిస్టన్ పైకొచ్చిన చోట ఆపి, సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో శాతంలో చూస్తారు, తక్కువుంటే మంచిది. అంతే కాదు, ఎక్కడినుంచి కారుతోందో వినొచ్చు. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్ నీళ్ళలో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. పెద్దాయన లోపలికి రానన్నాడు. బయట చెట్టు కింద, ఆపరేషన్ థియేటర్ ముందు నిలబడ్డ మనిషిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఒకటి అయిదు శాతం. రెండు ఆరు. మూడు, నాలుగు అయిదు. అయిదో సిలిండర్ ఇరవై ఎనిమిది.

నా నోరు ఎండిపోయింది. అయితే నిజం చెప్పాలిగా నీకు, ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఆలోచన "అయ్యో" కాదు, "ఎంత తగ్గించొచ్చు" అని. నువ్వు ఫోన్‌లో చెప్పిన డైలాగు కూడా రెడీ, మొహం మాడ్చుకుని "సార్, ఇంజిన్ విప్పాలంటున్నారు" అని మొదలుపెట్టడమే. రెండడుగులు బయటికి వేశా కూడా. మెకానిక్ వెనక్కి పిలిచాడు. ఆయిల్ మూత దగ్గర చెవి పెడితే చప్పుడు లేదు, సైలెన్సర్‌లో లేదు, నీళ్ళలో బుడగల్లేవు, మరి గాలెక్కడికి పోతోంది? సబ్బు నీళ్ళు చల్లి చూశాడు. ప్లగ్గు రంధ్రంలో బిగించిన ఆయన సొంత గొట్టం జాయింటు దగ్గరే నురగ! దాని రబ్బరు రింగు, ఓరింగ్, చిరిగింది. కొత్తది వేసి మళ్ళీ పెడితే ఆరు శాతం.

ఆ రెండడుగుల సంగతి పెద్దాయనకి చెప్పలేదు. మీ చెల్లెలికీ చెప్పలేదు. నీకే.

బేరం ఆడాను, అబ్బే ఆడకుండా ఎలా, జిగురు బటన్లకీ, కిర్రుమంటున్న బాల్ జాయింట్లకీ తగ్గించాడు. ఇది పూర్తిగా అల్యూమినియం బాడీరా, యాక్సిడెంట్ అయితే మామూలు డెంటింగ్ వాళ్ళ వల్ల కాదు, అందుకే లిఫ్ట్ ఎక్కించి అతుకులన్నీ టార్చ్ పెట్టి చూపించాకే సంతకం పెట్టా. కారు ధర అయితే ఇన్నేళ్ళలో దిగొచ్చింది కానీ స్పేర్లకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు! అందుకని కొన్న డబ్బుతో పాటు ఇంకొంత విడిగా పక్కన పెట్టా, దాన్ని ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానంది మీ చెల్లెలు.

రాత్రిళ్ళు అప్పుడప్పుడు లేచి కూర్చుంటున్నా. ఏం పిచ్చి పని చేశాన్రా అని. మళ్ళీ పొద్దున 8,500 ఆర్‌పీఎం దాకా ఎక్కిస్తే (నూనె వేడెక్కాకే, ఒట్టు), 3.6 లీటర్ల ఆ వీ8, 400 గుర్రాలు, ఆ అరుపు వింటే... నాన్న ఉంటే ఏమనేవాడో. సరే వదిలేయ్.

అన్నట్టు తాళాలిచ్చేటప్పుడు పెద్దాయన ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. విప్పితే బోల్టు. "ఏ సర్వీసులోనో మిగిలిందట, ఎక్కడిదో ఎవరికీ తెలీదు, ఏడేళ్ళుగా దాచా" అన్నాడు. సూరిగా, ఒట్టురా, అచ్చం మన స్కూటర్‌లో మిగిలిన బోల్టు సైజే! షెడ్డు మధ్యలో నేల మీద కూలబడి నవ్వా, ఆయన నాకేదో అయిందనుకుని నీళ్ళు తెప్పించాడు. దాన్ని నీకు పార్సిల్‌లో పంపుతున్నా, నీ దగ్గరున్న దాని పక్కన పెట్టుకో.

ఇంకా రివర్స్ గేర్ సంగతి, ర్యాంప్ మీద ముందు బంపర్ గీసుకుంది అది కూడా చెప్పాలి, మెకానిక్ ఫోన్ చేస్తున్నాడు, బాల్ జాయింట్లు వచ్చాయేమో, ఉంటాన్రా