బరువు నడకలో కిలోల పోటీ ఎందుకు?

సంపాదకులకు,

వీపున బరువు వేసుకుని నడిచే 'రకింగ్' వ్యాయామం గురించి ఆరోగ్య శీర్షికల్లో ఈమధ్య తరచూ చదువుతున్నాను. నడకపై ఆసక్తి పెరగడం సంతోషమే. కానీ చాలా కథనాలు ఎవరు ఎన్ని కిలోలు మోశారన్న దగ్గరే ఆగిపోతున్నాయి. నా అభ్యంతరమల్లా దాని మీదే.

ఇది సైన్యం నుంచి వచ్చిన అలవాటు. అమెరికా పదాతిదళంలో నైపుణ్య బ్యాడ్జి కోరుకునేవారు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు మోస్తూ 12 మైళ్లు మూడు గంటల్లో నడవాలి. అలా రాటుదేలిన సైనికుల్లోనే పాదాల ఎముకలు చిట్లడం, భుజం పట్టీలు నరాలను నొక్కి చేతులు తిమ్మిరెక్కడం వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. రోజంతా కుర్చీలో కూర్చునేవారికి ఆ కొలత ఆదర్శం ఎలా అవుతుంది?

మితంగా చేస్తే ఇది మంచి వ్యాయామమే. పరుగెత్తకుండానే గుండె వేగం పుంజుకుంటుంది. కాళ్లకు, నడుముకు, వీపుకు పని పడుతుంది. ఎముకలు గట్టిపడతాయన్న ప్రచారాన్ని మాత్రం ఆచితూచి రాయాలి. స్థూలకాయం తగ్గించుకుంటున్న 150 మంది వృద్ధులపై జరిపిన అధ్యయనం 2025లో వెలువడింది. బరువులు అమర్చిన కోటు తొడుక్కున్నా వారి తుంటి ఎముకల క్షీణత ఆగలేదు.

పాఠకులకు కావలసింది సంచి సర్దుకునే తీరు. బరువు అడుగున వదులుగా ఉంటే అడుగడుగుకీ వెనక్కి లాగుతుంది, దాన్ని కాచుకోవడానికి మెడ ముందుకు వాలుతుంది. అదే బరువును తువ్వాలులో చుట్టి, భుజాల ఎత్తున వీపుకు ఆనించి, కదలకుండా బిగిస్తే నడక తేలికవుతుంది. నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి. మొదట్లో నీళ్ల సీసాలే మేలు. అలసిపోతే దారిలోనే కొంత పారబోయవచ్చు. శరీర బరువులో పదో వంతు కంటే తక్కువతో, అంటే 60 కిలోల మనిషి నాలుగైదు కిలోలతో మొదలుపెడితే చాలు. ముందు దూరం పెంచాలి, అది అలవాటయ్యాకే బరువు. వెన్ను, మోకాలు, గుండె సమస్యలున్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఇకపై ఇలాంటి కథనం వేసినప్పుడల్లా, ఫొటో పక్కనే ఈ జాగ్రత్తలు కూడా అచ్చువేయాలని మనవి. సామూహిక నడకలు నిర్వహించేవారికీ ఒక విన్నపం: కిలోలను బట్టి బహుమతులు ఇవ్వకండి. దారి మధ్యలో బరువు దించుకునే చోటు ఏర్పాటు చేయండి, అక్కడ దించినవారినీ నడక పూర్తిచేసినవారిగానే లెక్కించండి.

– ఒక పాఠకురాలు