ఆ లెక్కలో నేను ఉన్నానా అని అడిగావు

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రక్షణ పొందేవాళ్లను దేవుడు ముందే ఏర్పరచుకుంటే, ఆ లెక్కలో నేను లేకపోతే ఏంటి నాన్నా? ఇక ప్రార్థన ఎందుకు?" అన్నావు. నీ గొంతులో టెన్షన్ విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

అంతా దేవుడి ఏర్పాటేనా, మనిషి ప్రయత్నమా అన్న ఈ గొడవ ఒక ప్రార్థన దగ్గర రాజుకుందని నీకు తెలుసా? "నువ్వు ఆజ్ఞాపించినది చేసే శక్తి నువ్వే ఇవ్వు, ఆ తర్వాత నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు" అన్న అర్థంలో తొలినాటి క్రైస్తవ బిషప్పు అగస్టీను దేవుణ్ణి వేడుకున్నాడు. అదే కాలపు బోధకుడు పెలాగియస్‌కి ఆ మాట అస్సలు మింగుడుపడలేదు. అంతా దేవుడే ఇవ్వాలంటే మనిషి మంచిగా బతకాలన్న ప్రయత్నమే మానేస్తాడని ఆయన భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. అయినా తన చేతగానితనం తెలిసినవాడు పెట్టిన మొర అగస్టీనుది, నా మనసు అటే మొగ్గుతుంది.

418లో కార్తేజ్‌లో కూడిన సంఘ పెద్దల సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. 529లో ఓరెంజ్ సభ, నమ్మాలన్న కోరిక కూడా దేవుడు ఉచితంగా ఇచ్చే కృపవల్లే పుడుతుందని చెప్పింది. అదే సభ, దేవుడు కొందరిని చెడుకే నియమించాడనే మాటను గట్టిగా ఖండించింది. ఈ రెండో సంగతి చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. నీకైతే ముందు ఇదే చెప్పాలనిపించింది.

దేవుడు ముందే ఏర్పరచుకున్నాడని గట్టిగా బోధించిన కాల్విన్ పేరు వింటే భయపడుతున్నావు కదా. దేవుని రహస్య సంకల్పంలోకి తొంగిచూడాలనుకునేవాడు బయటపడలేని చిక్కుదారిలో పడతాడని ఆయనే హెచ్చరించాడు. దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడో లేదో చూసుకోవడానికి క్రీస్తే అద్దం అన్నాడు. ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. ఈ మాట మాత్రం నన్ను ఎన్నోసార్లు నిలబెట్టింది. కనబడని లెక్క కోసం వెతకడం ఆపి, కనబడే ఆయన వైపు చూడమ్మా.

ఇంకో సంగతి రాయడం కష్టంగానే ఉంది. నీ వయసులో ఈ విషయం మీదే ప్రాణస్నేహితుడితో వాదించాను. అతను, దేవుడిచ్చే కృపను మనిషి కాదనగలడని బోధించిన ఆర్మీనియస్ పక్షం. "నువ్వు కృపను అవమానిస్తున్నావు" అనేశాను. రెండేళ్లు మాటల్లేవు. ఆ రెండేళ్లలో వాళ్ల అమ్మ చనిపోయింది, నేను వెళ్లలేదు. కృప గురించి అంత మాట్లాడినవాణ్ణి ఆ ఇంటి గుమ్మం తొక్కలేకపోయాను. అది ఇప్పటికీ నన్ను కాలుస్తూనే ఉంది. డచ్చి దేశంలో 1618లో మొదలైన డార్ట్ సభ ఆర్మీనియస్ అనుచరుల అయిదు అంశాలను తిరస్కరించింది. మరుసటి ఏడు వాళ్లకు అండగా నిలిచిన వృద్ధ నాయకుడు ఓల్డెన్‌బార్నెఫెల్ట్ తల తీశారు. దాని వెనక రాజకీయం కూడా ఉందనుకో. అయినా ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు నేనే గుర్తొస్తాను.

ఇంగ్లండు బోధకులు వెస్లీ, విట్‌ఫీల్డ్ కూడా దీని మీద బహిరంగంగానే తగాదా పడ్డారు. కానీ 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే.

ఇక ప్రార్థన ఎందుకు అన్నావు. నువ్వు నన్ను 'నాన్నా' అని పిలవకముందే నువ్వు నా బిడ్డవి. నేను పలికించగా పలికించగా నీకు ఆ మాట వచ్చింది. అయినా మొదటిసారి పిలిచినప్పుడు ఆ పిలుపు అచ్చంగా నీదే, అందుకే నా కళ్లు నిండాయి. నీ ప్రార్థన కూడా నాకు అలాగే అనిపిస్తుంది.

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో 12, 13 వచనాలు చదువు. మీ రక్షణను మీరే కొనసాగించుకోండి అని ఒకటి, మీలో ఆ ఇష్టాన్ని కలిగించేది దేవుడే అని ఇంకొకటి. పౌలు రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. ఏ వచనం దగ్గర నీ మనసు ఆగిపోయిందో ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు. అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి చదువుదాం.

నాన్న