జ్వరం తగ్గింది, క్రిమి పోయిందా? – తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతిలో ముగ్గురు పిల్లలకు టైఫాయిడ్ వచ్చిన సంగతి మీకు ఇప్పటికే తెలుసు. ముగ్గురూ కోలుకుంటున్నారు, ఒకరు ఇంటికి కూడా చేరారు. కారణం బడి ట్యాంకు నీళ్లేనని వాట్సాప్ గ్రూపుల్లో కొందరు తేల్చేశారు. ట్యాంకు కడిగించాం, నీటి నమూనా పరీక్షకు పంపాం, ఫలితం ఎలా వచ్చినా నోటీసు బోర్డులో పెడతాం. అయితే ఒక్క విషయం గమనించండి. టైఫాయిడ్ క్రిమి కడుపులో పడిన మర్నాడే జ్వరం రాదు. సాధారణంగా వారం నుంచి మూడు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పిల్లలు బడిలో నీళ్లు తాగి ఉంటారు, పెళ్లిలో భోంచేసి ఉంటారు, సాయంత్రం పానీపూరీ తిని ఉంటారు. నిన్న తాగిన నీళ్లకూ ఈరోజు వచ్చిన జ్వరానికీ ముడిపెట్టడం తొందరపాటు.

ఇన్ని రోజులు ఆ క్రిమి ఏం చేస్తుందో మన తొమ్మిదో తరగతి అమ్మాయిలు ప్రార్థన సమావేశంలో వివరించారు. మీరూ వినివుంటే బాగుండేది. సాల్మొనెల్లా టైఫీ అనే ఈ బ్యాక్టీరియాకు మనిషి శరీరమే నివాసం. రోగి మలంతో కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా మరొకరికి చేరుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుని మిగిలినవి చిన్నపేగు గోడ దాటుతాయి. అక్కడ భక్షక కణాలు, అంటే క్రిములను మింగే మన రక్షణ కణాలు, వాటిని మింగేస్తాయి. మామూలు క్రిమి అయితే అంతటితో సరి. కణం దాన్ని ఒక సంచిలో బంధించి అరిగించేస్తుంది. టైఫీ మాత్రం తన ప్రోటీన్లను ఆ కణంలోకే ఎక్కించి, ఆ సంచిలోనే బతకడానికి, పెరగడానికి వీలు కల్పించుకుంటుంది. దొంగ వెళ్లి పోలీసు స్టేషన్‌లోనే కాపురం పెట్టినట్టు! ఆ కణాలతో పాటే కాలేయానికి, ప్లీహానికి, ఎముక మజ్జకు చేరి, అక్కడ పెరిగి రక్తంలోకి వస్తుంది. జ్వరం మొదలయ్యేది అప్పుడే. దాని ఒంటి చుట్టూ 'విఐ' అనే చక్కెర పదార్థపు పొర కూడా ఉంటుంది. మన రక్షణ వ్యవస్థ క్రిమిని గుర్తుపట్టకుండా ఆ పొర అడ్డుపడుతుంది.

"మింగిన కణమే దాన్ని ఎందుకు చంపలేకపోయింది టీచర్?" అన్న ప్రశ్నతో ఇదంతా మొదలైంది. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి జవాబు దొరికేదాకా లైబ్రరీని వదల్లేదు. ఎన్నో ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఇలాంటి ప్రశ్న విన్న రోజు కలిగే సంతోషమే వేరు. మరో ఇద్దరు ఆ పొర సంగతి ఇంకాస్త ముందుకు తీసుకెళ్లారు. క్రిమిని దాచే ఆ చక్కెర పదార్థాన్నే టీకాగా మలిచి, దాన్ని గుర్తుపట్టడం శరీరానికి నేర్పుతున్నారని, అలాంటి కాంజుగేట్ టీకా (ఆ చక్కెర పదార్థాన్ని ఒక ప్రోటీన్‌తో జతచేసిన టీకా) మన హైదరాబాద్‌లోనే తయారై 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిందని చెప్పారు. మీ పిల్లలకు ఆ టీకా వేయించారా? లేదంటే మీ డాక్టరుగారిని అడగండి.

ఇక నేను ప్రతి సమావేశంలోనూ చెప్పే మాట, మళ్లీ చెబుతాను. జ్వరం తగ్గితే క్రిమి చచ్చినట్టు కాదు. రక్తంలో దాని సంఖ్య తగ్గింది, అంతే. కణాల లోపల దాక్కున్నవి ఇంకా ఉంటాయి. బిడ్డ లేచి ఆడుకుంటోందని మందులు మానేస్తే, కొన్ని వారాలకు జ్వరం తిరగబెట్టవచ్చు. మందును కొంత తట్టుకోగల క్రిములే మిగిలి పెరగవచ్చు. ఒకప్పుడు టైఫాయిడ్‌కు విరివిగా రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మన దేశంలో ఇప్పుడు చాలావరకు పనిచేయడం లేదు. కొందరిలో క్రిమి పిత్తాశయంలో స్థిరపడి, వాళ్లు ఆరోగ్యంగానే తిరుగుతున్నా మలంతో బయటికి వస్తూనే ఉంటుంది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి అలా క్రిమిని మోస్తోందని 1907లో గుర్తించారు. దయచేసి, చేతులు జోడించి అడుగుతున్నాను, డాక్టరు రాసినన్ని రోజులూ మందు వేయండి. మిగిలిన మాత్రలను అల్మారాలో దాచి తమ్ముడికి వేయకండి. చీటీ లేకుండా మందుల షాపులో యాంటీబయాటిక్ కొనకండి. పరీక్షకు ముందే వేసేస్తే రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరకడం కూడా కష్టమవుతుంది.

మరో అలవాటు ఉంది. పొద్దున పారాసెటమాల్ వేసి బస్సెక్కించడం. పిల్లల చదువు మీద మీకున్న ఆరాటం నాకు తెలుసు. కానీ మూడో పీరియడ్‌కల్లా మందు పని అయిపోయి, బిడ్డ బల్ల మీద తల వాల్చేస్తుంది. ఫోను చేస్తే "ఇంట్లో బాగానే ఉన్నాడు మేడమ్" అంటారు. జ్వరం వల్ల తప్పిన పరీక్షను మళ్లీ పెడతామని నేను మాట ఇచ్చాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఇంకొకటి, నీళ్ల సీసాలు. ఎనిమిదో తరగతి పిల్లలు ఉపాధ్యాయుల పర్యవేక్షణలో క్లోరిన్ పరీక్ష చేశారు. మన కుళాయి నీళ్లు గాజుగొట్టంలో లేత పసుపు రంగుకు తిరిగాయి, అంటే క్రిములను చంపే క్లోరిన్ వాటిలో ఉంది. ఇళ్ల నుంచి తెచ్చిన చాలా సీసాల నీళ్లు రంగు మారలేదు. క్యాన్ నీళ్లలో క్లోరిన్ లేనంత మాత్రాన అవి చెడ్డవని కాదు, కానీ తర్వాత ఏ క్రిమి చేరినా అడ్డుకునేది అందులో ఏమీ ఉండదు. ఒక అబ్బాయి తన సీసా మూతలోని రబ్బరు రింగును పిన్నుతో పైకి లేపి చూపించాడు. కింద నల్లగా, జిగురుగా పొర. అది బ్యాక్టీరియా, బూజు లాంటివి గుంపుగా కట్టుకునే పొర, వట్టి నీళ్లతో కడిగితే పోదు. ఈ రాత్రికే ఆ రింగు తీసి, వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో రుద్దండి.

బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి వైపు బస్సు పదిహేను నిమిషాలు ముందే బయలుదేరుతుంది. రెండో విడత ఫీజు, గుర్తింపు కార్డుల ఫొటోలు ఈ నెలాఖరులోగా ఇవ్వండి. టైఫాయిడ్ టీకా వేయించిన వివరాలను డైరీ చివరి పేజీలో రాసి సంతకం చేసి పంపండి. ఆ పేజీని తరగతి ఉపాధ్యాయులు సోమవారం నుంచి చూస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి