మోస్క్వినా పిచ్చి పట్టుకుంది

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ సూరీ,

ఉత్తరం ఆలస్యమైందని నువ్వు తిడుతున్న తిట్లు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. తప్పదు, పడతాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మేడ మీది వాటాలో ఇంకా ఎవరూ దిగలేదు. నాకు నైట్ షిఫ్టు. క్షేమసమాచారాలు ఇంతే, అసలు సంగతి విను.

మా మేనకోడలు బుజ్జి వుడా పార్కులో (పేరు మార్చారులే, మన నోళ్లు మారలేదు) స్కేటింగు నేర్చుకుంటోంది కదా. ఇప్పుడు జోడీగా ఆడతానంటోంది. కారణం నేనే. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అనూప్ కుమార్ యామ, అవని పాంచాల్‌తో కలిసి రోలర్ స్కేటింగు జంటల్లో కాంస్యం గెలిచాడని చెప్పాను. దానికి వీడియోలు వెతికిపెడుతూ మంచు మీద ఆడేవాళ్ల వైపు జారుకున్నాను. అక్కడ కనిపించింది తమారా మోస్క్వినా, మంచు మీద జంటలకు ఆట నేర్పే రష్యా గురువు. ఇక నాకు నిద్రలేదు.

పుట్టింది లెనిన్‌గ్రాడ్‌లో, 1941 జూన్ 26న. హిట్లర్ సేనలు ఆ దేశం మీద పడి అప్పటికి నాలుగు రోజులు! మనిషి పిట్టంత. ఒంటరిగా ఆడినప్పుడు ఐదుసార్లు సోవియట్ విజేత. తర్వాత అలెక్సీ మిషిన్‌తో జోడీ కట్టి 1969 ప్రపంచ పోటీల్లో రజతం. ఆట మానేశాక ఇద్దరూ గురువులయ్యారు. మిషిన్ శిష్యులు ఉర్మనోవ్ (1994), ప్లుషెంకో (2006) ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చారు. ఈవిడ తయారుచేసిన జంటలైతే నాలుగు ఒలింపిక్స్‌లో గెలిచాయి: 1984, 1992, 1998, 2002. వాటిలో ద్మిత్రియెవ్ అనేవాడు 1992లో ఒక అమ్మాయితో, 1998లో ఇంకో అమ్మాయితో గెలిచాడు. నువ్వూ క్యారమ్స్‌లో జోడీని మార్చావు, ఏం లాభం? ఆ కప్పు ఇంకా మా ఇంట్లోనే ఉంది.

నవ్వులాట కాదురా, బెరెజ్నయా కథ చెప్పాలి నీకు. ఎలెనా బెరెజ్నయా అప్పట్లో ష్ల్యాఖోవ్ అనే అతనితో లాత్వియా తరఫున ఆడేది. 1996 జనవరి, రీగాలో సాధన. ఇద్దరూ పక్కపక్కనే ఒక కాలు నడుము ఎత్తున వెనక్కి చాచి గిర్రున తిరగాలి. దగ్గరగా తిరిగితేనే అందం, మరీ దగ్గరైతే ప్రాణాపాయం. అతని స్కేటు అంచు ఆమె తలలో దిగింది. పుర్రె ఎముక పగిలింది. మాట పోయింది. అది చదివి నేను లేచి వరండాలో పచార్లు చేశాను. సిఖరులిద్జే అనే కుర్రాడు, అప్పటికింకా ఆమె జోడీ కూడా కాదు, రీగాకు పరుగెత్తాడు. ఆమెను పీటర్స్‌బర్గ్ (పాత లెనిన్‌గ్రాడే) తీసుకొచ్చాడు. మోస్క్వినా వాళ్లిద్దరినీ కలిపి మంచు మీద నిలబెట్టింది. మరుసటి ఏడాది, 1997లోనే, యూరప్ పోటీల్లో కాంస్యం! 1998లో ప్రపంచ విజేతలు. తలకు దెబ్బ తగిలిన పిల్లను మళ్లీ మగవాడి చేతుల మీదుగా గాలిలోకి విసిరించాలంటే ఆ గురువుకు ఎంత గుండె ఉండాలి? ఆ పిల్లకు ఎంత ఉండాలి? నేనైతే... సరే, నా సంగతి ఎందుకు, గంగవరం బీచిలో నీళ్లలో దిగనివాడిని.

2002లో సాల్ట్ లేక్ ఒలింపిక్ స్వర్ణం కూడా వాళ్లదే. దాని మీద ఎంత గొడవ! సిఖరులిద్జే ఒక గెంతు దగ్గర తడబడ్డాడు, కెనడా జంట తప్పు లేకుండా ఆడింది, అయినా తీర్పు 5-4తో వీళ్లకు. ఫ్రాన్స్ న్యాయనిర్ణేత మీద ఒత్తిడి తెచ్చారని తేలాక కెనడా వాళ్లకూ స్వర్ణం ఇచ్చారు. ఆరుకు ఇన్నని మార్కులు వేసే పాత 6.0 పద్ధతికి ఆ గొడవతోనే కాలం చెల్లింది. కెనడా జంటకు ఇవ్వడం న్యాయమే, కాదనను. కానీ లోకానికి బెరెజ్నయా అంటే ఆ తగాదా ఒక్కటే గుర్తుండిపోవడం మాత్రం నాకు మింగుడుపడటం లేదు. నీకు కోపం వస్తే రానీ, మన రెండో బెంచీ కోర్టులో వాదించుకుందాం.

మోస్క్వినా ఇంకా మానలేదురా! 2021లో ప్రపంచ టైటిల్ గెలిచిన మిషినా, గల్ల్యమోవ్ ఆవిడ శిష్యులే. అప్పటికి ఆవిడకు ఎనభై నిండవచ్చాయి. 1984లో గెలిచిన శిష్యుడు వసీలియెవ్ కూడా గురువై 2006లో తన శిష్యుల జంటతో ఒలింపిక్ స్వర్ణం పట్టించాడు.

ఇదంతా బుజ్జికి చెప్పాను, ఆ రీగా సంగతి తప్ప. వాళ్ల అమ్మకు అసలే చెప్పలేదు. చెప్పాలా వద్దా అనేది నువ్వే తేల్చాలి, ఎందుకంటే జోడీగా దొరికిన కుర్రాడు ఎత్తు బాగానే ఉన్నాడు కానీ వాడికి చేతులు...

డ్యూటీ బస్సు వచ్చేసింది. మిగతాది ఫోనులో.

నీ
గోపి