పెళ్లి స్టాంపు కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

సంపాదకులకు,

ఛార్లెస్–డయానా పెళ్లి స్టాంపులు ఇంట్లో ఉంటే లక్షలు వచ్చిపడతాయని ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. రావు. బ్రిటన్ 1981 జూలై 22న, పెళ్లికి వారం ముందు, 14 పెన్స్, 25 పెన్స్ స్టాంపులు రెండే వేసింది. అదే ఊపులో కామన్వెల్త్ దేశాలు వరసపెట్టి సెట్లు తెచ్చాయి. కిరిబాటి, తువాలు లాంటి చిట్టి దీవులైతే రాజనౌకల బొమ్మలు వేసి మరీ అమ్మాయి. కొన్నవాళ్లు కొన్నట్టే ఆల్బంలో దాచేశారు. అందరింట్లోనూ ఉన్నదానికి గిరాకీ ఎక్కడిది?

అరుదంటే జపాన్‌ది. యువరాజు హిరోహిటో పెళ్లికని 1923లో ఒకటిన్నర, 3, 8, 20 సెన్ల (సెన్ అంటే యెన్‌లో నూరోవంతు) స్టాంపులు అచ్చేశారు. సెప్టెంబరు 1 భూకంపం తెచ్చిన మంటల్లో నిల్వలు, అచ్చుపలకలు బుగ్గయ్యాయి. అప్పటికే జపాన్ పాలనలో ఉన్న పసిఫిక్ దీవులు పలావుకు పంపిన కాసినే మిగిలాయి. 1924 జనవరి 26న పెళ్లయితే అయింది గానీ, ఆ స్టాంపులు తపాలా కౌంటరు మీదికి రాలేదు. ఆ సెట్టు వెయ్యి రూపాయలకే ఇస్తామంటే నకిలీ అనే అనుకోవాలి.

2011లో విలియం–కేట్ పెళ్లికి నియూ దీవి వేసినది మరీ తమాషా. వరుడు 3.40 డాలర్లు, వధువు 2.40 డాలర్లు, ఇద్దరి మధ్య చింపుకోవడానికి చిల్లుల వరస! పెళ్లి కాకముందే విడాకుల గీత గీసినట్టుంది. ఆ గీత వెంట చింపితే మాత్రం సేకర్త దృష్టిలో రెండు ముక్కలే మిగులుతాయి.

కొనేటప్పుడు స్టాంపు మూలన తపాలా ముద్రలో పావు భాగం నీటుగా పడి, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉందా చూడండి. ఉంటే అది ఉత్తరం మీద ప్రయాణించింది కాదు. సేకర్తలకు అమ్మడానికి షీట్లకు షీట్లు ముద్ర కొట్టిన సరుకు. దానికి తక్కువే ఇవ్వాలి.

మన కోస్తా ముసురులో అసలు శత్రువు చెమ్మ. ఆల్బంలు ఒకదానిమీద ఒకటి పేర్చితే బరువుకి జిగురు కరిగి పేజీకి పట్టేస్తుంది. పుస్తకాల్లా నిలబెట్టండి. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిడ్డుగా మారి స్టాంపును పాడుచేస్తాయి, పాలియెస్టర్ మౌంట్లు (స్టాంపు దూర్చే పారదర్శక తొడుగులు) వాడండి. బీరువాలో సిలికా జెల్ పొట్లం పెట్టి, నీలం గుళికలు గులాబీ రంగుకి తిరగ్గానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. వేళ్ల చెమట తగిలినచోట గోధుమరంగు మచ్చలు లేస్తాయి కాబట్టి పట్టకారు తప్పనిసరి.

పేజీకి అతుక్కున్నదాన్ని గోటితో లాగితే కాగితం పొరలుగా ఊడుతుంది. మూతబిగువు డబ్బా అడుగున తడి స్పాంజి, దానికి తగలకుండా పైన జల్లెడ, జల్లెడ మీద స్టాంపున్న ముక్క పెట్టి మూయండి. గంటకోసారి చూస్తూ, దానంతటది వదిలాకే తీయండి. జిగురు మెరుపు కొంత పోతుంది, బొమ్మ దక్కుతుంది.

— ఒక స్టాంపుల సేకర్త, కాకినాడ